ఫొటోలు తారుమారు, కథ కూడా తారుమారు

సంపాదకుల వారికి,

మూడు వారాల క్రితం మీ ఆదివారం అనుబంధంలో ఫ్రెంచి హాస్యనటి జోసియాన్ బలాస్కో గురించి అరపేజీ వేశారు. తెలుగు పత్రికలో ఆమె పేరు కనబడినందుకు ఎంతో సంతోషించి, కాఫీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా చదివాను. రెండో పేరాకే మనసు విరిగిపోయింది. 1989లో వచ్చిన ఆమె సినిమా ‘త్రో బెల్ పూర్ త్వా’ కథ గురించి మీవారు ఏం రాశారో ఒకసారి తీసి చూడండి. అనాకారి భార్యతో విసిగిపోయిన కార్ల వ్యాపారి అందాల సెక్రటరీ ప్రేమలో పడతాడట! సెక్రటరీ అంటూ మరో నటి కరోల్ బూకే ఫొటో, భార్య అంటూ బలాస్కో ఫొటో.

అసలు కథ దీనికి పూర్తిగా తలకిందులు. జెరార్ దెపార్ద్యూ వేసిన ఆ వ్యాపారికి ఇంట్లో ఉన్నది, నలుగురూ చూపు తిప్పుకోలేని అందగత్తె. ఆమె కరోల్ బూకే. అతను మనసు పారేసుకున్నది మాత్రం ఆఫీసులో తాత్కాలికంగా పనికి చేరిన, రూపంలో ఏ ప్రత్యేకతా లేని సెక్రటరీ మీద. ఆమె బలాస్కో. ‘నీకు మరీ ఎక్కువ అందగత్తె’ అన్నది సినిమా పేరుకు అర్థం. దర్శకుడు బెర్త్రాఁ బ్లియే ఈ కథను ఎగతాళిగా తీయలేదు. వెనక షూబెర్ట్ సంగీతం సాగుతుండగా బలాస్కో ముఖాన్ని అంత గౌరవంగా చూపించాడు. ఆ ఏడాది కాన్ చలనచిత్రోత్సవంలో ఆ చిత్రానికి జ్యూరీ ప్రత్యేక బహుమతి దక్కింది. ఫ్రాన్సులో ఇచ్చే సీజర్ అవార్డులకు ఉత్తమ నటి విభాగంలో ఇద్దరి పేర్లూ వెళ్లాయి, గెలిచింది బూకే. బలాస్కోకు మిగిలింది ఆ కథే. దాన్ని కూడా మీరు లాగేసుకున్నారు.

రాసినవారు సినిమా చూడలేదు, అది స్పష్టం. చూడకపోవడం నేరం కాదు. కానీ చూడకుండానే, మగవాడు మోజు పడ్డాడంటే అందగత్తె మీదే అయి ఉంటుందని తేల్చేసుకున్నారే, అదీ నన్ను బాధించింది. అదే రోజు మీ కార్యాలయానికి ఫోను చేశాను. ఎత్తినవారు ఓపికగానే విని, “ఫ్రెంచి సినిమా కదండీ, ఎవరు చూస్తారు?” అన్నారు. నేను చూశాను. చూసినవాళ్లు మన ఊళ్లలో ఇంకా చాలామంది ఉన్నారు. ఫిల్మ్ సొసైటీలు రేకు పెట్టెల్లో రీళ్లు తెప్పించుకుని, అద్దె హాళ్లలో వేసిన రోజులు అంత పాతవేమీ కావు.

మీ వ్యాసంలో ఆమెను నాలుగుసార్లు ‘భారీకాయపు హాస్యనటి’ అన్నారు. 1950లో పారిస్‌లో పుట్టిన ఆమె స్ప్లాందీద్ అనే కేఫ్ థియేటర్ బృందంలో తోటివారితో కలిసి తానే నాటకాలు రాసుకుని పైకి వచ్చింది. 1982 నాటి క్రిస్మస్ హాస్యచిత్రంలో లిఫ్టులో ఇరుక్కుపోయే మదాం ముస్కాఁ పాత్రతో దేశమంతటినీ నవ్వించింది. 1995లో ‘గజోఁ మోది’ అనే సినిమాను తానే రాసి, తీసి, నటించింది. ఆ రచనకు సీజర్ అందుకుంది. రచయిత్రి అన్న మాట గానీ దర్శకురాలు అన్న మాట గానీ మీ అరపేజీలో ఒక్కచోట లేదు. బరువు మాత్రం నాలుగుచోట్ల ఉంది.

మీ పత్రిక ఒకప్పుడు ఇలా ఉండేది కాదు. సినిమా పేజీలో సమీక్ష కింద నటీనటుల జాబితా ఉండేది, తప్పు దొర్లితే మరుసటి వారం సవరణ వచ్చేది. ఇప్పుడు సవరణ అన్న మాటే మాయమైంది. సరే, నేనైనా సరిచూసుకుందామని మా గ్రంథాలయానికి వెళ్లాను. సినిమా పుస్తకాల బీరువాకు తాళం. తాళంచెవి ఎవరి దగ్గరుందో అక్కడ ఎవరికీ తెలియదు. ఇంటి పన్నుతో పాటు ఏటా గ్రంథాలయ సెస్సు మా దగ్గర ముక్కుపిండి వసూలు చేస్తున్నారు. ఆ డబ్బు పుస్తకం దాకా వస్తోందా అని అడిగితే, పైవాళ్లను అడగమన్నారు. పైవాళ్లకు మూడు ఉత్తరాలు రాశాను, ఒక్కదానికీ జవాబు లేదు. పత్రికలో తప్పు పడితే దిద్దుకోవడానికి జనం వెళ్లవలసిన చోటు కూడా మూతపడితే ఏం చేయాలి?

బలాస్కో గురించి ఇంకెప్పుడైనా రాయదలిస్తే, ‘లె హెరిసోఁ’ చూసి రాయండి. 2009లో వచ్చింది. సంపన్నుల భవనంలో కాపలా పని చేసే రెనే అనే మధ్యవయస్కురాలిగా నటించింది. రేగిన జుట్టు, ముడుచుకున్న నుదురు, పొడిపొడి మాటలు. లోపలి గదిలో మాత్రం నేల నుంచి కప్పు దాకా పుస్తకాలు, ఒళ్లో పిల్లి. ఒకరోజు కొత్తగా వచ్చిన జపాన్ పెద్దమనిషి ముందు, సుఖంగా ఉన్న కుటుంబాలన్నీ ఒకేలా ఉంటాయన్న టాల్‌స్టాయ్ మాట ఆమె నోటి నుంచి జారిపోతుంది. ఆయన ఆ వాక్యంలో మిగతా సగం అందుకుంటాడు. దొరికిపోయానన్న భయం, తనను గుర్తుపట్టేవాడు ఒకడున్నాడన్న ఆనందం, రెండూ ఆ క్షణంలో ఆమె ముఖంలో కలిసి కనబడతాయి. మా ఇంట్లో పనిచేసిన ఒకావిడ ముఖం నాకు గుర్తుకొచ్చింది. ఆమె చందమామలు పోగుచేసుకునేదని మాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది.

రెండు ఫొటోల కింద పేర్లు సరిచేసి, అసలు కథ నాలుగు వాక్యాల్లో రాసి, అదే అనుబంధంలో అదే పేజీలో వేయండి. లోపలి పేజీ మూలన చీమతలకాయంత అక్షరాల్లో వద్దు.

ఇట్లు,
ముప్పై ఏళ్లుగా మీ పాఠకురాలు, విశ్రాంత ఉపన్యాసకురాలు