థెరపిస్టుల రిజిస్టరు ప్రజలకు కనిపించాలి

సంపాదకులకు నమస్కారం.

పక్షవాతం వచ్చిన మనిషికి చొక్కా గుండీలు పెట్టుకోవడం, పప్పన్నం కలిపి ముద్ద నోటిదాకా తెచ్చుకోవడం మళ్లీ అలవాటు చేసేవారు, ఆటిజమో సెరిబ్రల్ పాల్సీయో ఉన్న పిల్లల చేత పెన్సిల్ పట్టించి, తమ పనులు తాము చేసుకునేలా తీర్చిదిద్దేవారు ఆక్యుపేషనల్ థెరపిస్టులు. ఒకప్పుడు పెద్ద ఆసుపత్రుల్లో తప్ప వినపడని ఈ పేరు ఇప్పుడు గుంటూరు, విజయవాడ, వరంగల్, హైదరాబాద్ వీధుల్లో చైల్డ్ డెవలప్‌మెంట్ సెంటర్ల బోర్డుల మీద కనిపిస్తోంది. అవసరం పెరిగింది కనుక సెంటర్లు పెరిగాయి, అందుకు సంతోషించాల్సిందే. అయితే ఆ బోర్డు వెనుక పనిచేసే మనిషికి ఏ చదువు ఉండాలని మన చట్టం చెబుతోందో, అది ఉన్నదీ లేనిదీ సామాన్యుడు సరిచూసుకునే దారి ఏదో ఎవరూ మాట్లాడటం లేదు. ఈ లేఖ అందుకోసమే.

మన దేశంలో డాక్టర్లకు, నర్సులకు, ఫార్మసిస్టులకు పేర్లు నమోదు చేసుకునే కౌన్సిళ్లు దశాబ్దాలుగా ఉన్నాయి. స్పీచ్ థెరపిస్టులు, స్పెషల్ ఎడ్యుకేటర్లు 1992 నాటి చట్టం ప్రకారం రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా పరిధిలోకి వస్తారు. ఆక్యుపేషనల్ థెరపిస్టులకు మాత్రం మహారాష్ట్ర, ఢిల్లీ వంటి కొన్ని చోట్ల రాష్ట్ర చట్టాలే తప్ప దేశమంతటికీ వర్తించే నియమం 2021 వరకు లేదు. ఆ ఏడాది మార్చిలో పార్లమెంటు ఆమోదించిన జాతీయ అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల కమిషన్ చట్టం ఆ లోటు తీర్చింది. దాని ప్రకారం థెరపిస్టు అనిపించుకోవాలంటే మూడు నుంచి ఆరేళ్ల వ్యవధిలో కనీసం 3,600 గంటల బోధన ఉన్న డిగ్రీ చదివి ఉండాలి, పేరు రాష్ట్ర రిజిస్టరులో గానీ జాతీయ రిజిస్టరులో గానీ నమోదై ఉండాలి. నమోదు లేకుండా ప్రాక్టీసు చేస్తే 50,000 రూపాయల దాకా జరిమానా ఉంది. కాగితం మీద ఇంతకన్నా స్పష్టత అక్కర్లేదు.

ఈ డిగ్రీని బీఓటీ (బ్యాచిలర్ ఆఫ్ ఆక్యుపేషనల్ థెరపీ) అంటారు. ఇంటర్ బైపీసీ తర్వాత ఆరు నెలల ఇంటర్న్‌షిప్‌తో కలిపి నాలుగున్నరేళ్లు చదివించడం చాలాకాలం నడిచిన పద్ధతి. వెల్లూరు సీఎంసీ, మణిపాల్, కటక్ దగ్గరి ఓలట్‌పూర్ జాతీయ పునరావాస సంస్థ ఈ చదువుకు పేరున్న చోట్లు. రోగుల మధ్య శిక్షణ కనీసం 1,000 గంటలు ఉండాలన్నది ఈ వృత్తి ప్రపంచ సమాఖ్య పెట్టిన ప్రమాణం. అన్ని గంటలు ఎందుకో నాకు ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో అర్థమైంది. మా బంధువుకు పక్షవాతం వల్ల కుడిచేతి వేళ్లు ముడుచుకుపోతుంటే, అక్కడి థెరపిస్టు ప్లాస్టిక్ రేకు ముక్కను వేడినీళ్లలో మెత్తబరిచి, అది చల్లారేలోగా మణికట్టు ఏ కోణంలో నిలవాలో, బొటనవేలు ఎంత ఎడంగా ఉండాలో చూసుకుంటూ చేతికి అచ్చుగా ఒత్తి, వేళ్లను సరిగా నిలిపి ఉంచే స్ప్లింట్ తయారుచేశారు. ఎక్కడైనా ఒరుసుకుపోయి పుండు పడుతుందేమోనని అంచులు గుండ్రంగా మడిచి, అరగంట తొడిగి ఉంచి, తీసి, చర్మం ఎర్రబడిందేమో చూసి గానీ ఇంటికి పంపలేదు. అదే మనిషి చేతిని అంతకుముందు ఒక ప్రైవేటు సెంటరులో రోజూ తలపైకి లాగి ‘వ్యాయామం’ చేయించారు. పక్షవాతం వచ్చిన వైపు కండరాల పట్టు తప్పి భుజం కీలు జారుతుంటుంది, అలాంటి చేతిని పట్టి లాగకూడదు అన్నది ఈ చదువులో మొదట్లోనే నేర్పే సంగతి. ఆ లాగుడు వల్ల భుజం నొప్పి ముదిరి ఆయనకు రాత్రిళ్లు నిద్ర ఉండేది కాదు. చేయించిన యువకుడి సర్టిఫికెట్ అడిగితే మూడు నెలల ఆన్‌లైన్ కోర్సు కాగితం చూపించారు, దానికి అందమైన ఫ్రేము కూడా ఉంది.

పిల్లల విషయంలో ప్రమాదం ఇంత త్వరగా బయటపడదు. మాటలు రాని మూడేళ్ల పిల్లవాడు తనకు ఎక్కడ నొప్పిగా ఉందో చెప్పలేడు. సెషన్ అనే ముప్పావు గంటలో తలుపు అవతల ఏం జరిగిందో తల్లికి తెలియదు. ఊయల ఊపడం, బ్రష్‌తో ఒళ్లు రుద్దడం బయటినుంచి చూస్తే ఎవరైనా చేయగలరనిపిస్తుంది. ఏ బిడ్డకు ఎంతసేపు, ఏ లక్షణం కనిపిస్తే ఆపేయాలి అన్నదే అసలు విద్య. ఎదుగుదలలో దాటిపోయిన రెండేళ్లను ఏ సెంటరూ వెనక్కి తెచ్చి ఇవ్వలేదు. ఫీజులకు నగలు తాకట్టు పెట్టిన తల్లిదండ్రులు నాకు తెలుసు.

ఈ వృత్తి మనకు కొత్తదేమీ కాదు. అమెరికాలో పుట్టి, మన దేశంలో మెట్టిన కమలా నింబ్కర్ 1950లోనే బొంబాయి కేఈఎం ఆసుపత్రిలో దీనికి శిక్షణాలయం ప్రారంభించారు. 1952లో ప్రపంచ సమాఖ్యను స్థాపించిన పది దేశాల్లో భారత్ ఒకటి. అంత ముందు నడిచిన దేశం తన థెరపిస్టుల పేర్లు రాసుకునే పుస్తకం తెరవాలని చట్టం చేయడానికి డెబ్బై ఏళ్లు పట్టింది. చట్టం చేశాకైనా పని చురుగ్గా సాగిందా అంటే అదీ లేదు. ఆ చట్టం ప్రకారం రాష్ట్రాల్లో పెట్టాల్సిన కౌన్సిళ్ల ఏర్పాటులో జాప్యంపై వేసిన పిటిషన్ మీద సుప్రీంకోర్టు 2024 ఆగస్టు 12న కేంద్రాన్ని, రాష్ట్రాలను గట్టిగా ప్రశ్నించింది. అప్పటికి 14 రాష్ట్రాలే కౌన్సిళ్లు ఏర్పాటు చేశాయని, అవి కూడా పనిలోకి దిగలేదని గమనించి, రెండు నెలల్లో చట్టాన్ని అమలులో పెట్టాలని ఆదేశించింది.

బ్రిటన్‌లో ఆక్యుపేషనల్ థెరపిస్టు అని చెప్పుకోవాలంటే హెచ్‌సీపీసీ అనే నియంత్రణ సంస్థలో నమోదు తప్పనిసరి, ఆ రిజిస్టరును ఎవరైనా ఇంటర్నెట్‌లో పేరు కొట్టి చూసుకోవచ్చు. అమెరికాలో జాతీయ పరీక్ష నెగ్గి, పనిచేసే రాష్ట్రంలో లైసెన్సు కూడా తీసుకోవాలి. మన దగ్గర బీఓటీ చదివి అక్కడికి వెళ్లే తెలుగు పిల్లలు ఈ గడపలన్నీ దాటాకే రోగిని ముట్టుకుంటారు. ఇక్కడి రోగికి ఆ పాటి రక్షణ ఎందుకు ఉండకూడదు?

నియమం బిగిస్తే చిన్న ఊళ్లలో ఉన్న కాస్త సదుపాయమూ పోతుందనే వాదన ఉంది. దాన్ని నేను తేలిగ్గా తీసిపారేయను, ఎందుకంటే తెనాలి నుంచో మిర్యాలగూడ నుంచో బిడ్డను ఎత్తుకుని వారానికి మూడుసార్లు నగరానికి తిరగడం ఎంత కష్టమో చూస్తూనే ఉన్నాం. అయితే దానికి మందు ప్రభుత్వ రంగంలో బీఓటీ సీట్లు, జిల్లా ఆసుపత్రుల్లో పోస్టులు పెంచడం. ఏళ్లుగా పిల్లలతో ఓపికగా పనిచేస్తున్న, డిగ్రీ లేని సిబ్బందిని వీధిన పడేయమని ఎవరూ అనరు. వారు అర్హత గల థెరపిస్టు పర్యవేక్షణలో సహాయకులుగా ఉండవచ్చు, ఆ మాట తల్లిదండ్రులకు దాచకుండా చెబితే చాలు.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలు తమ రాష్ట్ర కౌన్సిళ్లు ఏ దశలో ఉన్నాయో, ఇంతవరకు ఎందరు ఆక్యుపేషనల్ థెరపిస్టులు నమోదయ్యారో ప్రకటన ద్వారా తెలియజేయాలి. ఆ రిజిస్టరును జిల్లాలవారీగా, తెలుగులో, ఫోనులో చూసుకునేలా పెట్టాలి. ప్రతి సెంటరూ ఫీజుల పట్టిక అతికించిన గోడకే అక్కడ పనిచేసే ఒక్కొక్కరి పేరు, చదివిన కోర్సు, రిజిస్ట్రేషన్ నంబరు కూడా అతికించాలని, అతికించని చోట తనిఖీ చేసే బాధ్యత జిల్లా వైద్య ఆరోగ్య శాఖ అధికారిదని ఉత్తర్వు ఇవ్వాలి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
గుంటూరు