కలెక్టర్ గారూ, రెండు లేన్లు ఇప్పించండి

గౌరవనీయులైన శ్రీకాకుళం జిల్లా కలెక్టర్ గారికి,

నమస్కారం. కొత్త స్విమ్మింగ్ పూల్ కట్టించమని అడగడానికి ఈ లేఖ రాయడం లేదండి. అలాంటి వినతిపత్రాలు మీ బల్ల మీద ఇప్పటికే దొంతరలుగా ఉండి ఉంటాయి. ఉన్న కొలనులోనే వారానికి ఐదు రోజులు, తెల్లవారుజామున 5:15 నుంచి 6 గంటల దాకా, పోటీలకు తయారవుతున్న పిల్లలకి రెండు లేన్లు, అంటే తాళ్లు కట్టి విడదీసిన ఈత వరసలు, విడిగా ఇప్పించండి. ముప్పావు గంట చాలు.

“ముప్పావు గంటలో ఏం నేర్పుతావు మాస్టారూ? పెద్ద ఊళ్ల పిల్లలు పూటకి రెండేసి గంటలు ఈదుతారు” అని నన్ను ఆటపట్టించేవాళ్లున్నారు. ఎక్కువసేపు నీళ్లు దొరికితే నాకు మాత్రం చేదా? కానీ 50, 100 మీటర్ల పోటీలకి తక్కువ సమయంలోనూ గట్టి సాధన చేయించవచ్చు. మా దగ్గర ఒకమ్మాయి 100 మీటర్ల ఫ్రీస్టైల్‌ని 1 నిమిషం 12 సెకన్లలో ఈదాలని పట్టుపట్టింది. అంటే 25 మీటర్లకి 18 సెకన్లు. ఆ వేగంతో ఒక పొడవు ఈది, 20 సెకన్లు ఆగి, మళ్లీ అదే వేగంతో ఇంకో పొడవు. ఇలా 20 సార్లు. మొత్తం 500 మీటర్లు, పట్టేది 13 నిమిషాల లోపే. వరసగా రెండుసార్లు 18 దాటిందంటే అక్కడితో ఆపించేస్తాను. అలసిపోయి ఈడ్చుకుంటూ ఈదితే ఒంటికి ఆ ఈడ్పే అలవాటైపోతుంది. మిగిలిన సమయం ఒళ్లు వేడెక్కించుకోవడానికి, డైవ్‌లకి, గోడ దగ్గర వెనక్కి మళ్లే టర్న్‌లకి సరిపోతుంది.

కిటుకంతా ఆ 20 సెకన్ల విరామంలోనే ఉంది. మాకు దక్కనిదీ అదే. మా పిల్లలు జనరల్ బ్యాచ్‌లోనే ఈదాలి. లేన్ తాళ్లు చుట్టచుట్టి మూలన పడి ఉంటాయి. ఏడోసారో ఎనిమిదోసారో పాప గోడ దగ్గరికి వచ్చేసరికి ఇద్దరు పెద్దమనుషులు దానికి వీపు ఆనించి బంగారం రేటు మాట్లాడుకుంటూ ఉంటారు. “కాస్త జరుగుతారా బాబూ” అని నేను గట్టు మీంచి బతిమాలి, వాళ్లు జరిగేసరికి నిమిషం దాటిపోతుంది. ఈలోగా గుండె వేగం తగ్గిపోతుంది, సాధన కాస్తా షికారైపోతుంది. వాళ్లని తప్పుపట్టను. డబ్బు కట్టి ఆరోగ్యం కోసం వస్తున్నారు, ఆ నీళ్లు వాళ్లవి కూడా. తాళ్లు లాగి కట్టి, వాళ్లకో పక్క, వీళ్లకో పక్క ఇస్తే ఏ పేచీ ఉండదు.

గోడ దగ్గర మళ్లేటప్పుడు పోయే సమయం ఎంతలే అనుకోకండి. 2021లో రోమ్‌లో సాజన్ ప్రకాష్ 200 మీటర్ల బటర్‌ఫ్లైని 1:56.38లో ఈది టోక్యో ఒలింపిక్స్‌కి నేరుగా అర్హత సాధించాడు. అలా ‘ఎ’ ప్రమాణం అందుకున్న తొలి భారతీయ స్విమ్మర్ అతనే. ఆ ప్రమాణం 1:56.48. తేడా సెకనులో పదో వంతు! గోడని తన్ని, ఒళ్లు నిటారుగా చాచి నీటి అడుగున జారడం సరిగ్గా రాకపోతే ఒక్క టర్న్‌లోనే అంతకన్నా ఎక్కువ పోతుంది.

నేల మీద చేయగలిగింది చేస్తూనే ఉన్నాం. పాత సైకిల్ ట్యూబు కోసి, వరండా కిటికీ ఊచలకి కట్టి, నడుం వంచి, మోచెయ్యి జారనివ్వకుండా లాగిస్తాను. వేగం రెట్టింపైతే నీళ్ల అడ్డు దాదాపు నాలుగు రెట్లవుతుంది కాబట్టి, ఒళ్లు నిటారుగా చాచి నీళ్లని చీల్చుకుపోవడం అలవాటయ్యేలా, రెండు చేతులూ చెవుల వెనక్కి చాచి గోడకి ఆనుకుని నిలబడడం కూడా మా సాధనలో భాగమే. మన జిల్లాకి బరువులెత్తడంలో పేరుంది. ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేట ఆడపడుచు కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో కాంస్యం తెచ్చింది. ఆ ఆటని ఒక పాకలో, ఒక ఇనప కడ్డీతోనైనా మొదలుపెట్టవచ్చు. ఈతకి నీళ్లు ఉండి తీరాలి కదండీ.

“నాగావళి ఉందిగా, అందులో దించరాదా” అన్నారొకాయన. ప్రవాహంలో ఈదితే ఏ టైమూ లెక్కకి రాదు. పైగా ఇసుక తవ్విన గోతులు ఎక్కడున్నాయో పైనుంచి కనపడవు. ఊరి పిల్లలు బార ఈత నేర్చుకునే రోజుల నాటి రేవులు కావవి.

వేసవి మాట కూడా చెప్పాలి. బడులు మూసి పిల్లలకి తీరిక దొరికే ఏప్రిల్, మే నెలల్లోనే సమ్మర్ క్యాంపుల పేరుతో మమ్మల్ని నీళ్లలోంచి బయటికి పంపేస్తారు. ధనుర్మాసంలో తెల్లారగట్ల చల్లటి నీళ్లలో దిగే నాథుడుండడు, అప్పుడు మాత్రం “మీ ఇష్టం మాస్టారూ” అంటారు. అందుకే ఏడాది పొడవునా వర్తించేలా రాతపూర్వకంగా ఆదేశం ఇప్పించమంటున్నాను.

ఇంకో రెండు చిన్న ఖర్చులు. సెకన్ల ముల్లు దూరానికి కనపడే పెద్ద గోడ గడియారం ఒకటి. బ్యాక్‌స్ట్రోక్, అంటే వెల్లకిలా ఈదే వాళ్ల కోసం గోడకి 5 మీటర్ల ఇవతల, కొలనుకి అడ్డంగా కట్టే జెండాల తాడు. అది లేక పిల్లలు మెడ తిప్పి వెనక్కి చూసుకుంటున్నారు, చూసుకోనివాళ్లు గోడకి తల కొట్టుకుంటున్నారు. ఆ ముప్పావు గంటా లైఫ్‌గార్డు గట్టు మీదే ఉండాలి. లైఫ్‌గార్డు లేకుండా లేన్లిచ్చినా నేను ఒక్క పిల్లని కూడా దించను.

లేన్‌కి నలుగురు చొప్పున, ఐదేసి సెకన్ల ఎడంతో వదిలితే ఎనిమిది మంది హాయిగా ఈదుకుంటారు. ఎవరు ఏ రోజు ఎంతలో ఈదారో రాసిన పుస్తకం ప్రతి నెలా మీరు చెప్పిన అధికారికి అందజేస్తాను. మూడు నెలల తర్వాత కూడా ఎవరి టైమూ తగ్గలేదంటే ఆ రెండు లేన్లూ మళ్లీ జనరల్ బ్యాచ్‌కే ఇచ్చేయండి.

ఇట్లు,
పదవీ విరమణ చేసిన ఒక వ్యాయామ ఉపాధ్యాయుడు,
శ్రీకాకుళం