మిద్దె మీద అద్దాలు

సంపాదకులకు నమస్కారం.

మా బుచ్చిరెడ్డిపాళెంలో ఈమధ్య మిద్దెల మీద సోలార్ పలకలతో పాటు అద్దాలు కూడా మెరుస్తున్నాయి. పలక పక్కన అద్దం నిలబెడితే కరెంటు రెట్టింపు వస్తుందని ఫోన్లలో వీడియోలు తిరుగుతున్నాయి మరి. కొందరు పాత బీరువా అద్దాలు ఊడదీసి పైకెక్కిస్తున్నారు. పలకలు బిగించే ఒక దుకాణదారైతే ఏకంగా 'అద్దాల సెట్టు' అని అమ్మకమే మొదలుపెట్టాడు. ఆ సెట్టు కొన్న తెలివైనవాళ్లలో నేనూ ఒకణ్ణి కాబట్టి ఈ ఉత్తరం.

మాది 3 కిలోవాట్ల సోలార్. 540 వాట్ల పలకలు ఆరు, అన్నీ సిరీస్‌లో, అంటే గొలుసులా ఒకదాని వెనక ఒకటి కలిపారు. మిద్దె సోలార్‌కు కేంద్రం ఇచ్చే సూర్యఘర్ పథకం కింద 78,000 రూపాయల సబ్సిడీ వచ్చింది. రోజుకు సగటున 12 యూనిట్ల దాకా వస్తుంటే బిల్లు టెన్షన్ పోయింది. అంతటితో ఊరుకుని ఉంటే సరిపోయేది. సంక్రాంతికి వచ్చిన మా బావమరిది 'ఇంకో నాలుగు యూనిట్లు లాగొచ్చు బావా' అన్నాడు. ఆ మాట చెవిలో పడ్డాక నిద్ర పట్టలేదు.

నాలుగడుగుల అద్దాలు రెండు కొని, ఉత్తరం వైపున రెండు పలకల వెనక నిటారుగా నిలబెట్టాం. జనవరిలో ఎండ దక్షిణం నుంచి వస్తుంది, అద్దానికి తగిలి పలక మీద పడుతుంది. పన్నెండు గంటలకు చూస్తే ఆ రెండు పలకలూ కళ్లు చెదిరేలా ఉన్నాయి. ఇద్దరం ఆశగా కరెంటు లెక్క చూపే యాప్ తెరిచాం. అంకె నిన్నటిదే! మర్నాడూ అంతే.

తర్వాత తెలిసినవాళ్లను అడిగితే విషయం బోధపడింది. కాలువలో నీళ్లు ఎన్నున్నా తూము ఎంతో పొలానికి అంతే కదా. సిరీస్‌లో ఉన్న పలకలదీ అదే లెక్క. ఆరింటిలో అద్దం లేని నాలుగూ ఎంత కరెంటు ఇస్తాయో, అద్దమున్న రెండూ దాదాపు అంతకే కట్టుబడి ఉంటాయి. ఒకే పలక లోపల గళ్లుగా కనిపించే సెల్స్‌కీ చాలావరకు ఇదే నియమం. వెలుగు సగం పలక మీద పడి మిగతా సగం మీద పడకపోతే, ఆ అదనపు వెలుగు పలకను వేడెక్కించడమే తప్ప మీటరు దాకా పెద్దగా రాదు.

మరి ఆరింటికీ సమానంగా పెడితే? పెరుగుతుంది, కాదనను. చలికాలం ఎండలో కొంత లాభం కనిపిస్తుంది కూడా. కానీ పలకల కరెంటును ఇంటి కరెంటుగా మార్చే ఇన్వర్టర్ మిట్టమధ్యాహ్నం తన 3 కిలోవాట్లు దాటి ఇవ్వదు. ఇక ఎండాకాలం సంగతి. పలక మీద రాసిన వాట్లు సెల్ వేడి 25 డిగ్రీలు ఉన్నప్పటి లెక్క. ఆపైన ఒక్కో డిగ్రీకి 0.3 నుంచి 0.4 శాతం దాకా తగ్గుతుంది. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో మన మిద్దె మీద పలక 65 డిగ్రీలకు చేరిందంటే, అద్దం లేకుండానే 12 నుంచి 16 శాతం పోయినట్టు. దానికి తోడు అద్దంతో ఇంకాస్త కాలుస్తామా?

అద్దాలు దండగని నేననను. తిరుమలలో సౌర ఆవిరితో వంట చేశారు. అనంతపురం జిల్లాలో 2014లో 50 మెగావాట్ల అద్దాల ప్లాంటు వచ్చింది. అక్కడ కావలసిందే వేడి, దాంతో ఆవిరి పుట్టించి పని నడుపుతారు. మన ఇంటి పలకకు వేడంటే పడదు.

నేను చేసిన అసలు తప్పు మే నెలలో బయటపడింది. ఏప్రిల్ ఆఖరుకు మనకు సూర్యుడు నడినెత్తికి వస్తాడు. అక్కణ్ణుంచి ఆగస్టు నడిమి దాకా మధ్యాహ్నప్పుడు కాస్త ఉత్తరానే ఉంటాడు. ఉత్తరాన నిలబెట్టిన అద్దాలు అప్పుడు వెలుగు ఇవ్వకపోగా, పలకల పై వరుస సెల్స్ మీద జానెడు నీడ పరిచాయి. యాప్‌లో అంకె పడిపోయింది. పైకెక్కి చూస్తే ఒక సెల్ గోధుమరంగుకు తిరిగి ఉంది. అద్దం వల్లేనా అంటే ప్రమాణం చేయలేను. వారంటీ కోసం ఫొటో పంపమన్నారు. పంపాను. ఆ ఫొటోలో అద్దం కూడా పడింది. అంతటితో ఆ వ్యవహారం ముగిసింది. పలక మీదకు ఎండను మళ్లించి కేంద్రీకరించకూడదని చాలా కంపెనీల పుస్తకాల్లో ఉంటుందట, ఇంగ్లీషులో, చీమతలకాయంత అక్షరాల్లో. దుకాణదారును అడిగితే 'మీరే కదా కావాలన్నారు' అన్నాడు. సెట్టుకు అతనిచ్చిన రసీదు ఒక తెల్లకాగితం ముక్క.

ఎదురింటి పెద్దమ్మ గురించి కూడా చెప్పాలి. సాయంత్రం నాలుగైతే మా అద్దం మెరుపు వాళ్ల వంటింట్లోకి పోయేది. 'ఏంది అబ్బయ్యా, మా ఇంట్లోకి ఎండ తోలతా ఉండావు?' అని వారం రోజులు ఓపికగా అడిగి, ఎనిమిదో రోజు గోడ మీద దుప్పటి ఆరేసింది. ఇక తుపాను మాటకొస్తే, 2023 డిసెంబరులో మిచాంగ్ బాపట్ల దగ్గర తీరం దాటింది. ఆ గాలీ వానా మన జిల్లా మరిచిపోలేదు. తాడుతో కట్టిన నాలుగడుగుల అద్దం అలాంటి గాలికి ఎవరి మీద పడుతుందో?

కరెంటు ఆఫీసు వాళ్లను నేను అడిగేది చిన్నదే. మనం వాడిన కరెంటూ, బయటికిచ్చిన కరెంటూ లెక్కగట్టే నెట్ మీటరు బిగించే రోజు ఎలాగూ మనిషి ఇంటికొస్తాడు. ఏం చేయకూడదో, ఏం చేయాలో తెలుగులో రాసిన ఒక కాగితం అతని చేత ఇప్పించండి. అద్దాలు వద్దని, పొద్దున్నే పలక వేడెక్కకముందు మెత్తటి గుడ్డతో కడగమని, ఉప్పు బోరునీళ్లయితే తెల్లచారలు కట్టకుండా తుడవమని, ట్యాంకు నీడా బట్టల తాడు నీడా పడకుండా చూడమని అందులో ఉంటే చాలు. మా ఇంట్లో ఒక్క కొబ్బరి మట్ట కొట్టించాక సాయంత్రం పూట వచ్చిన తేడా, ఆ రెండు అద్దాలతో ఏనాడూ రాలేదు. సెట్టు అమ్మే దుకాణాల వాళ్లు, పలకకు ఏమైనా అయితే తమదే పూచీ అని బిల్లు మీద రాసిచ్చేలా అధికారులు చూడాలి. రాయలేకపోతే అమ్మకం ఆపాలి. మిద్దెల మీద ఊగుతున్న అద్దాలను నగర పంచాయతీ వాళ్లు తుపానుల కాలం రాకముందే ఒకసారి చూసి దింపించాలి.

నావి రెండూ దించేశాను. మా వీధి చివర సెలూన్‌లో ఉన్నాయి.

— ఒక సోలార్ వినియోగదారుడు,
బుచ్చిరెడ్డిపాళెం, నెల్లూరు జిల్లా