ఆశ్రమం కట్టొద్దు నాన్నా

నైరోబీ, కెన్యా
జూలై నెల

నాన్నగారికి,

ప్రభువు నామంలో వందనాలు. మీరు, అమ్మ క్షేమమని తలుస్తాను. మేం నలుగురం బాగానే ఉన్నాం, చలి ఒక్కటే వేధిస్తోంది. ఆఫ్రికా అంటే మండిపోయే ఎండలే అనుకుంటుంది అమ్మ. ఈ ఊరు సముద్రమట్టానికి 1,700 మీటర్ల పైన ఉంది. జూలై అంతా మబ్బే, రాత్రుళ్ళు స్వెటర్ లేకుండా పడుకోలేం. చిన్నాడు వీధి పిల్లల దగ్గర షెంగ్ అని స్వాహిలీ, ఇంగ్లీషు కలిపిన ఇక్కడి వీధి భాష నేర్చుకుని, మాకు అర్థం కాకుండా అక్కని తిడుతున్నాడు. అది తప్ప ఇంట్లో కొత్త విశేషాలేం లేవు.

ఇక్కడ అనాథాశ్రమం కట్టడానికి మన సంఘంలో చందాలు మొదలుపెట్టారని, ప్లాన్ పంపమని పాస్టరుగారు అడుగుతున్నారని ఫోన్లో చెప్పారు కదా. మీ పక్కన కమిటీవాళ్ళు ఉన్నట్టున్నారని అప్పుడేమీ అనలేదు. మాకు బిల్డింగ్ వద్దు నాన్నా. ఎందుకో ఇందులో రాస్తున్నాను, కమిటీలో మీరే చెప్పాలి. నేను చెబితే ఆడపిల్ల మాటగా తీసేస్తారు, మీరైతే వింటారు.

ఇక్కడ రోడ్ల మీద మేం కలిసే పిల్లల్లో చాలామంది అనాథలు కారు. తల్లో, అమ్మమ్మో, పిన్నో ఎక్కడో ఒకచోట ఉన్నారు. మథారే అనే మురికివాడలో రేకుల గదిలోనో, బస్సులో ఒక పూట పట్టే పల్లెలోనో. ఇంట్లో తిండి లేక కొందరు, తాగొచ్చి కొట్టే మారుతండ్రిని భరించలేక కొందరు, యూనిఫాం లేదని బడినుంచి పంపేస్తే సిగ్గుపడి కొందరు రోడ్డెక్కారు.

ఒక కుర్రాడి సంగతి చెబుతాను. పేరు రాయను. తెల్లారకముందే మీ అల్లుడు, నేను, ఇక్కడి సంఘం యువకులు ఇద్దరు టీ ఫ్లాస్కులు, మందాజీలు (మన బోండాల్లాంటివి) పట్టుకుని గ్లోబ్ రౌండబౌట్ అనే కూడలి వైపు వెళ్తాం. పిల్లలు గోనెసంచుల్లో దూరి ఒకరినొకరు కరుచుకుని పడుకుని ఉంటారు. ఈ కుర్రాడికి పన్నెండో పదమూడో ఉంటాయి. టీ తాగుతున్నంతసేపూ ఎడమ చెయ్యి స్వెటర్ లోపలే. అందులో చిన్న ప్లాస్టిక్ సీసా, అడుగున పచ్చటి జిగురు. చెప్పులు అతికించే గమ్ము అది. పీలిస్తే ఆకలీ చలీ తెలియవట. మెదడునీ నరాల్నీ పాడుచేస్తుందని వాళ్ళకీ తెలుసు. నాకైతే లాక్కుని కాలవలో పారేద్దామనిపించింది. ఈయన వద్దన్నారు, “ఇవాళ సీసా లాక్కుంటే రేపు మన టీ కూడా ముట్టడు” అని. మూడో కప్పు పోసినప్పుడు వాడు సీసా తీసి మోకాళ్ళ మధ్య పెట్టుకున్నాడు, వేడి కప్పు రెండు చేతులా పట్టుకోవాలని. ఆ పూటకి అంతే.

నమ్మకం కుదిరాక తల్లి ఎక్కడుంటుందో చెప్పాడు. గికోంబా మార్కెట్లో పాతబట్టల మూటలు మోస్తుంది, భర్త లేడు. కొడుకు బతికే ఉన్నాడని చెబితే ఏడుస్తుందేమో అనుకున్నాం. మా మీద విరుచుకుపడింది, “ఇన్నాళ్ళూ వాణ్ణి ఎక్కడ పెట్టారు?” అని. ఆవిడ కోపం చూసి ఈయన మొహంలో కళ వచ్చింది. కొడుకు కోసం అంతగా మండిపడే తల్లి ఉంటే సగం పని అయినట్టేనన్నారు బయటికొచ్చాక.

మిగతా సగమే చాకిరీ. పిల్లల సంగతులు చూసే ప్రభుత్వ చిల్డ్రన్స్ ఆఫీసర్ దగ్గర కాగితాలు. గది అద్దె బకాయి ఎంపెసాలో, అంటే ఇక్కడ ఫోన్లో డబ్బు పంపే పద్ధతిలో, నేరుగా ఇంటాయనకే కట్టాం. 2003 నుంచి ఇక్కడ ప్రైమరీ బడికి ఫీజు లేదు, కానీ యూనిఫాం, బూట్లు ఎవరు కొంటారు? వీడికి బర్త్ సర్టిఫికెట్ కూడా లేదు, దానికోసం తిరిగిన తిరుగుడు ఒక ఉత్తరానికి సరిపోతుంది. అన్నీ అయ్యాక వీడు చిన్నపిల్లల పక్కన కూర్చోనన్నాడు. 2004లో కిమానీ మరూగే అనే పెద్దాయన 84 ఏళ్ళ వయసులో ఒకటో తరగతిలో చేరాడు, ఈ దేశంలో అందరికీ తెలిసిన కథే. ఈయన అదంతా చెప్పారు. వాడు విని, “ఆయన ముసలాయన, టీవీ వాళ్ళొచ్చారు. నన్ను చూస్తే నవ్వుతారు” అన్నాడు. నిజమే మరి! మధ్యలో ఒకసారి పారిపోయాడు కూడా. మళ్ళీ వెళ్ళి తెచ్చుకున్నాం. ఇప్పుడు బడికి వెళ్తున్నాడు, గమ్ము పూర్తిగా మానాడని మాత్రం రాయలేను.

అదే ఆశ్రమం ఉండి ఉంటే? మంచం, మూడుపూటలా భోజనం చూపిస్తే ఆవిడే తెచ్చి అప్పజెప్పేది. పేదతల్లి ఏం చేస్తుంది, తన దగ్గరకంటే అక్కడ కడుపు నిండుతుందని దిగమింగుకుంటుంది. ఇక్కడి ప్రభుత్వం కూడా 2022లో దీనికొక జాతీయ విధానం తెచ్చింది. పదేళ్ళలో పిల్లల్ని ఆశ్రమాల నుంచి కుటుంబాలకు మార్చాలని అందులో ఉంది. కొట్టే ఇంటికి మేం ఎవర్నీ పంపం. అప్పుడు పిన్నినో అమ్మమ్మనో వెతుకుతాం. ఎవరూ లేనివాళ్ళని ఆఫీసర్ ద్వారా వేరే కుటుంబంలో పెట్టే దారి చూస్తాం.

యాకోబు పత్రిక మొదటి అధ్యాయం 27వ వచనం పాస్టరుగారు ప్రతి కానుకల ఆదివారమూ చదువుతారు కదా. అందులో దిక్కులేని పిల్లలు, విధవరాండ్రు ఇద్దరూ పక్కపక్కనే ఉన్నారు. పిల్లవాడికి ఆశ్రమం కట్టి, తల్లిని మార్కెట్లో మూటల కింద వదిలేస్తే ఆ వచనం సగమే చేసినట్టు. ఇది మీరు నెమ్మదిగా చెప్పండి, ఆయనకి బోధించినట్టు ఉండకూడదు.

ఇంకొకటి. ఎంతమంది యేసుని నమ్ముకుని రక్షణ పొందారో రిపోర్టు రాయమంటున్నారు. 2019 జనాభా లెక్కల ప్రకారం ఈ దేశంలో నూటికి ఎనభై మందికి పైగా క్రైస్తవులే. ఈ పిల్లలకు యేసు ఎవరో మేం చెప్పక్కర్లేదు, స్వాహిలీ పాటలు మాకు వాళ్ళే నేర్పుతున్నారు. ఆ గడిలో ఏ అంకె వేసినా అబద్ధమే అవుతుంది. ఫోటోలు కూడా పంపం. గమ్ము సీసాతో ఉన్న కొడుకు ఫోటో మన గుడి గోడ మీద ఉండడానికి ఆ తల్లి ఒప్పుకుంటుందా? మన పిల్లల ఫోటో అలా పెడితే మీరు ఊరుకుంటారా?

ఇప్పటికే వసూలైన డబ్బు ఇచ్చినవాళ్ళకి విషయం చెప్పండి. ఇష్టమైతే బూట్లకి, అద్దెలకి, తల్లులకి కుట్టుమిషన్లకి వాడతాం, రసీదులు ప్రతి నెలా పంపుతాను. శిలాఫలకం మీద పేరు ఉంటేనే ఇస్తామన్నవాళ్ళకి తిరిగి ఇచ్చేయండి, మొహమాటపడొద్దు.

మీకు అక్కడ రాత్రి తొమ్మిదైతే ఇక్కడ ఆరున్నర. కమిటీ అయ్యాక ఆ టైముకి ఫోన్ చేయండి, ఇంట్లోనే ఉంటాం. అమ్మని మోకాళ్ళ నొప్పికి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారా లేదా, ఆ మాట కూడా చెప్పాలి.

మీ
పెద్దమ్మాయి