పిప్పిన్‌ను ఒక్క వాక్యంతో తీసిపారేయడం న్యాయం కాదు

సంపాదక మహాశయులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో వీడియో గేమ్ యంత్రాల చరిత్రపై వచ్చిన వ్యాసాన్ని ఆసక్తితో చదివాను. తెలుగు పత్రికల్లో అరుదుగా కనిపించే ఈ విషయాన్ని ఓపికగా, కాలక్రమంలో చెప్పినందుకు వ్యాసకర్తకు కృతజ్ఞతలు. అయితే 'పిప్పిన్' అనే యంత్రం గురించి అందులో ఉన్నది ఒకే ఒక్క వాక్యం: యాపిల్ సంస్థ ఒక గేమ్ కన్సోల్‌ను తయారుచేసి, అమ్ముడుపోక చేతులు కాల్చుకుందని. ఈ మాట పాశ్చాత్య పత్రికల్లోనూ తరచుగా వస్తూంటుంది. విఫలమైన వస్తువుల జాబితా ఎవరు వేసినా పిప్పిన్ పేరు అందులో ఉండటం ఆనవాయితీ అయింది. కానీ ఆ వాక్యంలో ఒక పొరపాటు ఉంది. దానికి మించి, ఆ యంత్రం అసలు దేనికోసం పుట్టిందో చెప్పకపోవడమనే పెద్ద లోపం కూడా ఉంది. అందుకే ఈ లేఖ.

ముందు పొరపాటు సంగతి. పిప్పిన్‌ను మార్కెట్లోకి తెచ్చి అమ్మినది యాపిల్ కాదు, జపాన్‌కు చెందిన బొమ్మల తయారీ సంస్థ బందాయ్. గుండమ్ బొమ్మలతో, పవర్ రేంజర్స్ బొమ్మలతో పేరు పొందిన సంస్థ అది. యాపిల్ చేసినది యంత్రం నమూనాను రూపొందించడం, దాన్ని తయారుచేసి అమ్ముకునే అనుమతిని రుసుముపై ఇతరులకు ఇవ్వడం. ఈ ఒప్పందం సంగతి 1994 డిసెంబరులో ప్రకటించారు. 1996 మార్చిలో 'పిప్పిన్ ఎట్‌మార్క్' పేరుతో జపాన్‌లోను, అదే ఏడాది సెప్టెంబరులో 'పిప్పిన్ ఎట్‌వరల్డ్' పేరుతో అమెరికాలోను బందాయ్ దాన్ని విడుదల చేసింది. తర్వాత నార్వేకు చెందిన కాట్జ్ మీడియా కూడా అనుమతి తీసుకుని యూరప్ కోసం ఇంకో రూపం తెచ్చింది. కాబట్టి నష్టంలో సింహభాగం బందాయ్‌దే. ఆ సంస్థ పేరైనా ఎత్తకుండా ఈ కథ చెబితే సగం కథ ఎగిరిపోయినట్టే.

ఇక ఆ యంత్రం స్వభావం. పెట్టె లోపల ఉన్నది చాలావరకు యాపిల్ వారి మెకింతోష్ (మ్యాక్) కంప్యూటరే: 66 మెగాహెర్ట్జ్ వేగంతో నడిచే పవర్‌పీసీ 603 ప్రాసెసర్, 6 మెగాబైట్ల మెమరీ, పాటల సీడీకి నాలుగు రెట్ల వేగపు సీడీ-రామ్ డ్రైవ్, టెలిఫోన్ లైనుకు కలిపే మోడెం. దాన్ని టీవీకి కలపవచ్చు, కంప్యూటర్ మానిటర్‌కూ కలపవచ్చు. విడిగా కొనుక్కుంటే కీబోర్డు దొరికేది. ప్రింటర్‌కు కూడా తగిలించుకునే వీలుండేది. లేనిది ఒక్కటే, హార్డ్ డిస్క్. అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌ను, అనగా కంప్యూటర్‌ను నడిపించే మూల ప్రోగ్రామును, దాచుకునే చోటు యంత్రంలో లేదు. మరి ఇది ఎలా నడిచేది? ప్రతి సీడీలోనూ ఆటతోపాటు, కుదించిన మ్యాక్ ఆపరేటింగ్ సిస్టమ్ మొత్తం ఉండేది. స్విచ్ వేయగానే యంత్రం డిస్క్ నుంచి ముందు ఆపరేటింగ్ సిస్టమ్‌ను చదువుకుని, తర్వాతే ఆటలోకి వెళ్లేది.

పిప్పిన్ చరిత్రలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచేది ఈ ఏర్పాటే. యంత్రం ఒట్టి వాహకం, దానికి కావలసిన తెలివంతా డిస్క్ తెచ్చుకుంటుంది. ఇంట్లో ఎవరూ ఏదీ ఇన్‌స్టాల్ చేయనక్కర్లేదు, ఫైళ్లు చెడిపోతాయన్న బెంగ అక్కర్లేదు, కొత్త సదుపాయం రావాలంటే కొత్త డిస్క్ పంపితే చాలు. కంప్యూటర్ అంటే జంకే కుటుంబాన్ని దృష్టిలో పెట్టుకుని చేసిన ఆలోచన అది, చెడ్డ ఆలోచన కానే కాదు. కానీ దానికి చెల్లించవలసిన మూల్యం కూడా ఉంది. ఉన్న 6 మెగాబైట్ల మెమరీని ఆపరేటింగ్ సిస్టమ్, తెరపై బొమ్మ, ఆట మూడూ పంచుకోవాలి. నాలుగు రెట్ల వేగమంటే సెకనుకు దాదాపు 600 కిలోబైట్లు. ఆ లెక్కన మెమరీ నిండడానికి కాగితం మీదే పది సెకన్లు పడుతుంది, నిజంగా ఆడేటప్పుడు నిరీక్షణ అంతకంటే ఎక్కువే. ఆటగాడు సాధించిన ఫలితాలను దాచుకోవడానికి యంత్రంలో ఉన్న స్థలం 128 కిలోబైట్లు మాత్రమే.

ఆ రోజుల్లో డిస్క్ మీద అంత నమ్మకం ఎందుకన్న ప్రశ్న నేటి యువ పాఠకులకు రావచ్చు. మన ఊళ్లలో 'క్యాసెట్' అని పిలుచుకున్న గేమ్ కార్ట్రిడ్జ్‌లో పట్టేది కొద్ది మెగాబైట్ల సమాచారమే, పైగా దాన్ని తయారుచేయడం ఖరీదైన పని. సీడీలో 650 మెగాబైట్లు పడతాయి, అచ్చు వేయడానికి అయ్యే ఖర్చు స్వల్పం. పుస్తకాల బీరువా నిండే విజ్ఞాన సర్వస్వం, మాటలతో, సంగీతంతో, కదిలే బొమ్మలతో సహా ఒక్క పళ్లెంలో ఇమిడిపోతుందన్న ఊహ ప్రపంచమంతటినీ ఆకర్షించింది. కంప్యూటర్ శిక్షణ కేంద్రాల బోర్డుల మీద 'మల్టీమీడియా' అన్న మాట మన పట్టణాల్లో కూడా వెలిగిన కాలమది. పిప్పిన్ సీడీల్లో ఆటలతో సమానంగా పిల్లల చదువుకు, బొమ్మలు గీయడానికి, సమాచారానికి సంబంధించినవి ఉండటానికి కారణం ఇదే. దాన్ని గేమ్ కన్సోల్ అని మాత్రమే అనడం నాకు అందుకే సరి అనిపించదు. ఇంటి హాల్లో టీవీ పక్కన ఒక చవక కంప్యూటర్‌ను, దాని ద్వారా ఇంటర్నెట్‌ను చేర్చాలన్నది ఆ ప్రయత్నం ఉద్దేశం.

అయితే 'చవక' అన్న మాట యాపిల్ కంప్యూటర్లతో పోల్చినప్పుడే నిజం. అమెరికాలో పిప్పిన్ ధర 599 డాలర్లు, జపాన్‌లో మోడెంతో కలిపి 64,800 యెన్‌లు. అప్పటికే సోనీ వారి గేమ్ యంత్రం ప్లేస్టేషన్ ధర అమెరికాలో 299 నుంచి 199 డాలర్లకు దిగింది. పిప్పిన్ అమెరికాలో అడుగుపెట్టిన నెలలోనే నింటెండో 64 కూడా 199 డాలర్లకు వచ్చింది. ఈ తేడా ఎవరి దురాశ వల్లా వచ్చింది కాదు, వ్యాపార పద్ధతి వల్ల వచ్చింది. సోనీ వంటి సంస్థ యంత్రం మీద లాభం చూసుకోకపోయినా, అమ్ముడయ్యే ప్రతి ఆట మీద వచ్చే రుసుముతో ఆ లోటు పూడ్చుకోగలదు. నమూనా ఒకరిది, తయారీ మరొకరిది అయినప్పుడు తయారుచేసేవారు యంత్రం మీదే లాభం చూసుకోక తప్పదు. ఇదే పద్ధతిని అనుసరించిన 3డీఓ యంత్రాన్ని 1993లో పానసోనిక్ సుమారు 700 డాలర్లకు విడుదల చేసి, జనాన్ని ఆకట్టుకోలేకపోయింది. ఆ ఉదాహరణ కళ్లెదుట ఉండగానే అదే దారి తొక్కడం నా దృష్టిలో పిప్పిన్ కథలోని అసలు తప్పిదం. సాంకేతిక లోపాలన్నీ దీని తర్వాతే.

ఆటగాళ్లకు ధర ఎక్కువైంది సరే, ఇంటర్నెట్ కోరుకున్నవారు ఎందుకు కొనలేదు? 1996లోనే వెబ్‌టీవీ అనే పెట్టె దాదాపు సగం ధరకు అదే పని చేయడానికి వచ్చేసింది. పైగా ఆనాటి టీవీ తెరల మీద చిన్న అక్షరాలు అలుక్కుపోయేవి. మోడెం వేగం నేటి కొలతలతో చూస్తే లెక్కలోకే రాదు. కంప్యూటర్ కావలసినవారు ఇంకొంత డబ్బు వేసి పూర్తి కంప్యూటరే కొనుక్కున్నారు. ఆట కోరేవారికి, ఇంటర్నెట్ కోరేవారికి, కంప్యూటర్ కోరేవారికి తలా కొంచెం ఇచ్చిన ఈ యంత్రం, ఈ ముగ్గురిలో ఎవరికీ మొదటి ఎంపిక కాలేదు.

జపాన్‌లో సుమారు 80 డిస్క్‌లు వస్తే అమెరికాలో వచ్చినవి 20కి లోపే. వాటిలో ఒకటి మాత్రం మీ వ్యాసంలో ఉండవలసింది. 'సూపర్ మారథాన్' అనే ఆటను రూపొందించిన బంగీ సంస్థకు కన్సోల్ మీద అదే తొలి ఆట. అదే బంగీని 2000లో మైక్రోసాఫ్ట్ కొనుగోలు చేసింది, 2001లో మైక్రోసాఫ్ట్ గేమ్ యంత్రమైన తొలి ఎక్స్‌బాక్స్‌ను నిలబెట్టిన 'హేలో' ఆట ఆ బంగీ చేసినదే. మీ వ్యాసకర్త ఎక్స్‌బాక్స్‌కు ఇచ్చిన రెండు పేరాల్లో ఈ సంబంధం ప్రస్తావనకు చోటు ఉండవలసింది.

రెండు సంస్థల నాటి పరిస్థితినీ చూడాలి. పిప్పిన్ జపాన్‌లో విడుదలైన త్రైమాసికానికే యాపిల్ 74 కోట్ల డాలర్ల నష్టాన్ని ప్రకటించింది. 1997లో స్టీవ్ జాబ్స్ పగ్గాలు చేపట్టాక, యాపిల్ సాంకేతికతను ఇతర తయారీదారులకు అనుమతిపై ఇచ్చే పద్ధతికే స్వస్తి పలికారు. బందాయ్ పరిస్థితి మరీ విచిత్రం. 64,800 యెన్‌ల పిప్పిన్ అంగళ్లలో పేరుకుపోతున్న 1996 నవంబరులోనే, అదే సంస్థ 1,980 యెన్‌లకు విడుదల చేసిన గుడ్డు ఆకారపు 'టమగోచ్చి' బొమ్మ కోసం జనం బారులు తీరారు. 1997 జనవరిలో బందాయ్, వీడియో గేమ్‌ల సంస్థ సెగా విలీనమవుతున్నట్టు ప్రకటించాయి. ఆ ఏడాది మే నెలలోనే అది రద్దయింది. ఆ కల్లోలంలో పిప్పిన్‌ను పట్టించుకునేవారు లేకపోయారు. మొత్తం మీద అమ్ముడైనవి సుమారు 42,000 యంత్రాలని సాధారణంగా చెబుతారు.

ఇక్కడితో కథ ముగియలేదు. పిప్పిన్ డిస్క్‌లకు ఒక డిజిటల్ సంతకం ఉండేది. ఆమోదం పొందిన ఆ సంతకం లేని డిస్క్‌ను యంత్రం నడపదు. దొంగ నకళ్లను అడ్డుకోవడానికి వేసిన ఆ తాళం, సంస్థలు తప్పుకున్న తర్వాత కూడా అలాగే మిగిలిపోయింది. యంత్రం కొనుక్కున్నవాడు తాను స్వయంగా రాసుకున్న ప్రోగ్రామును కూడా అందులో నడుపుకోలేని స్థితి ఇరవయ్యేళ్లకు పైగా సాగింది. 2019లో ఒక ఔత్సాహికుడు ఆ తనిఖీ పద్ధతిని విశ్లేషించి ఛేదించాకే, ఇంట్లో రాసుకున్న డిస్క్‌లు పిప్పిన్‌లో నడవడం మొదలైంది. ఒక సంస్థ తన యంత్రానికి మద్దతు విరమించుకునే రోజునే ఆ తాళాలను బయటపెట్టాలని నేను గట్టిగా నమ్ముతాను. ఇప్పుడు ఆటలు డిస్క్ కూడా లేకుండా సర్వర్ల నుంచే వస్తున్నాయి కనుక, ఈ ప్రశ్న నేటి కొనుగోలుదారులకు పిప్పిన్ కొన్నవారికంటే దగ్గరిది.

డిస్క్ శాశ్వతం కాదన్న సంగతి కూడా ఇక్కడ చెప్పాలి. సీడీలో సమాచారాన్ని ప్రతిఫలించే అల్యూమినియం పొర మీది లక్క పూత పగిలితే, గాలి సోకి ఆ పొర పాడవుతుంది. ఆ తర్వాత ఏ డ్రైవూ దాన్ని చదవలేదు. మన దేశంలో పిప్పిన్ అధికారికంగా విడుదల కాలేదు గానీ, సీడీల రూపంలో వచ్చిన తెలుగు ఫాంట్లు, పిల్లల పాఠాలు, పద్యాల సంకలనాలు ఎన్నో ఇళ్ల అల్మరాల్లో ఉన్నాయి. వాటికి కూడా ఇదే ప్రమాదం ఉంది. అవి ఉన్నవారు చదవగలిగే డ్రైవ్ దొరుకుతున్న ఈ రోజుల్లోనే పూర్తి ప్రతిని కంప్యూటర్‌లోకి తీసి పెట్టుకోవాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

మీకు చేసుకునే మనవి రెండు విషయాల్లో. పిప్పిన్‌ను అమ్మినది బందాయ్ అన్న సవరణను వచ్చే ఆదివారం సంచికలో ప్రచురించండి. వీలైతే 3డీఓ, బందాయ్‌దే అయిన ప్లేడియా, ఎన్ఈసీ వారి పీసీ-ఎఫ్ఎక్స్ వంటి తొలితరం సీడీ యంత్రాలకు ప్రత్యేకంగా ఒక వ్యాసం కేటాయించండి. అదే వ్యాసకర్త దాన్ని రాస్తే మరీ సంతోషిస్తాను.

భవదీయుడు,
మీ పాఠకుడు,
విజయవాడ