22 రోజులుగా రాళ్ళ మధ్యే ఉండిపోయిన సింహం గురించి

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

2019 నుంచి మీ యాప్‌కి చందా కడుతున్నాను. ఒక్క ఏడాది కూడా ఆలస్యం చేయలేదు. మా అక్కా, మా ఆడపడుచూ నేను చెప్పబట్టే మీ యాప్ పెట్టించుకున్నారు. అలాంటి నాకు ఈ 22 రోజుల్లో మీ దగ్గర ఒక్కరూ సరైన జవాబు చెప్పలేదు.

విషయం చిన్నదే. మా పాప కోసం మీ దగ్గర విడిగా డబ్బు కట్టి 'మడగాస్కర్' కొన్నాను. 2005లో వచ్చిన యానిమేషన్ సినిమా. గంట దాటిన కాసేపటికి తెర నల్లబడి ఆగిపోతోంది. ఎన్నిసార్లు పెట్టినా అక్కడే.

మొదటిరోజు చాట్‌లో మాట్లాడింది మనిషి కాదు, మెషీన్. "మీ సమస్య తీరిందా?" అని అడిగింది. లేదని నొక్కితే మళ్ళీ మొదటి ప్రశ్నకే తీసుకెళ్ళింది. అలా నాలుగుసార్లు. రెండోరోజు ఒకబ్బాయి లైన్‌లోకి వచ్చి టీవీ పది నిమిషాలు ఆపమన్నాడు, యాప్ తీసేసి మళ్ళీ వేయమన్నాడు. అన్నీ చేశాను. మూడో ఆమె వీడియో తీసి పంపమంది. పాప ఫోన్ పట్టుకుంటే నేను రిమోట్ నొక్కి, తెర నల్లబడేదాకా తీసి పంపాను. రెండు రోజుల తర్వాత మెయిల్ వచ్చింది: "మీ సమస్య పరిష్కరించాం, టికెట్ మూసేశాం." ఏం పరిష్కరించారు? ఎవరు చూశారు? మళ్ళీ ఫోన్ చేస్తే ఇంకొకరు సినిమా పేరు దగ్గర్నుంచి మొదలుపెట్టమన్నారు. "మిగతా సినిమాలు ఆడుతున్నాయి కదా మేడమ్?" అన్నారు. సూపర్‌వైజర్ 24 గంటల్లో చేస్తారని చెప్పారు. ఆ ఆదివారమంతా ఫోన్ పొయ్యి పక్కనే పెట్టుకుని వంట చేశాను. సాయంత్రం ఫోన్ మోగింది. తడి చేత్తోనే ఎత్తాను. మీ సేవకి ఒకటి నుంచి ఐదు లోపు మార్కులు వేయమని రికార్డు గొంతు.

అన్నిటికంటే మనసు విరిగింది ఐదో ఆయన మాటతో. "సెకండాఫ్ అంత బాగోదులెండి మేడమ్, వేరే పిల్లల సినిమాలు బోలెడున్నాయి, అవి చూడండి" అన్నారు.

ఆ సినిమా లోపాలు నాకు తెలియవా? కథ పల్చనే. పాప పుట్టకముందు నుంచి చూస్తున్నాను. మనుషుల బొమ్మలు జంతువులంత ముద్దుగా లేవు. మాంసం తినే సింహానికి ఆకలేస్తే స్నేహం ఏమవుతుందన్న పెద్ద ప్రశ్న వేసి, చివర్లో నోట్లో చేప ముక్క పెట్టి ముగించేశారు. మరి చేపలు ప్రాణులు కావా అని మా పాపే అడిగింది. అయినా ఆ సినిమా మాకిష్టం. న్యూయార్క్ జూలో వేళకి తిండి తింటూ పెరిగిన నాలుగు జంతువులు అడవిలో పడితే, అది అడవని తెలుసుకోవడానికే సగం సినిమా పడుతుంది. సింహం కష్టపడి కట్టిన స్వేచ్ఛాదేవి కట్టెల బొమ్మని జిరాఫీ పొరపాటున తగలబెట్టినప్పుడు పాప పడీపడీ నవ్వుతుంది. పెంగ్విన్‌లు ఓడని చేజిక్కించుకుని ఇన్నాళ్ళూ కలలుగన్న అంటార్కిటికా చేరతాయి. ఆ మంచుగాలిలో మాటాపలుకూ లేకుండా నిలబడతాయి చూడండి, అక్కడ మాత్రం నేనూ నవ్వు ఆపుకోలేను. మాటలన్నీ ఇంగ్లీషే కాబట్టి పక్కన కూర్చుని నేనే తెలుగులో చెప్తుంటాను. రోజంతా ఆఫీసులో ఉండే నాకు, పాప తల నా భుజం మీద ఉండే సమయం అదే.

మీ వీడియో ఆగేది ఎక్కడో ఒక్కరైనా చూశారా? ఆకలితో ఒళ్ళు తెలియక ప్రాణస్నేహితుడైన జీబ్రానే కొరికిన సింహం, సిగ్గుతో భయంతో అందరికీ దూరంగా రాళ్ళ మధ్య ఒంటరిగా చేరే చోట. జీబ్రా వెతుక్కుంటూ వెళ్తాడని, అందరూ కలుస్తారని నోటితో చెప్పాను. "చూపించు" అంటుంది. 22 రోజులుగా పడుకునే ముందు "అమ్మా, సింహం ఇంకా అక్కడే ఉందా?" అని అడుగుతూనే ఉంది. ఇది మీ వాళ్ళలో ముగ్గురికి చెప్పాను. "మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం" అని ముగ్గురూ ఒకే వాక్యం చదివారు.

2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. నా లెక్కలో ఇంకా ఎనిమిది రోజులున్నాయి. ఆ తర్వాత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తాను, అవసరమైతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కీ వెళ్తాను. మెయిళ్ళు, వీడియో, కాల్ చేసిన తేదీలు అన్నీ దాచాను. చందా ఆపేస్తాను, మా అక్కకీ ఆడపడుచుకీ ఆపేయమని చెప్తాను. సినిమాకి కట్టిన డబ్బు వెనక్కి ఇస్తారా, బాగుచేస్తారా అన్నది మీ ఇష్టం. ముందు ఆ వీడియో చివరిదాకా చూసిన మనిషి ఎవరైనా నాతో మాట్లాడాలి.

శనివారానికి పాపకి ఆరేళ్ళు నిండుతాయి. ఆ రోజు ఈ సినిమానే పెట్టమంది. నా నంబరు మీ దగ్గరుంది. పగలు కౌంటర్‌లో ఉంటాను, ఎత్తడం కుదరదు. సాయంత్రం ఆరు తర్వాత చేయండి.

ఇట్లు,
మీ పాత చందాదారు