వడ్డన ఎందుకు తగ్గించామంటే

అందరికీ నమస్కారం. రెండు వారాలుగా మా భోజనశాలలో మొదటి వడ్డన తగ్గించాం, మాంసం కూరలు కొన్ని రోజూ పెట్టడం మానేశాం. ఖర్చు మిగుల్చుకోవడానికేనా అని కొందరు మొహం మీదే అడిగారు. అడిగి మంచిపని చేశారు, ఉన్నదున్నట్టు చెప్తాను.

ముందు నా పొరపాటు ఒప్పుకోవాలి. మా కూరగాయలు దగ్గర పొలాల నుంచే వస్తాయి కాబట్టి మా భోజనంతో పర్యావరణానికి మేలని ఇన్నాళ్ళూ మీకు చెప్తూ వచ్చాను. దగ్గర్లో కొంటే తాజాగా ఉంటాయి, అది మానను. కానీ 119 దేశాల్లో 38 వేలకు పైగా పొలాల వివరాలతో 2018లో వచ్చిన ఒక పెద్ద పరిశోధన ప్రకారం, ఆహారం వల్ల వాతావరణంలో కలిసి భూమిని వేడెక్కించే వాయువుల్లో రవాణా వాటా 6 శాతం దగ్గరే ఉంది. విమానంలో వచ్చే సరుకు సంగతి వేరు, అది నిజంగానే భారం. మిగతా వాటిలో ఎంత దూరం నుంచి వచ్చిందనే దానికంటే ఏం తింటున్నామనేదే ముఖ్యం.

ఆ తేడా చూసి నాకు మొదట నమ్మబుద్ధి కాలేదు. వంద గ్రాముల ప్రొటీన్ కోసం, మాంసానికే పెంచే పశువులైతే సగటున 50 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానమైన వాయువులు, గొర్రె మాంసమైతే 20, కోడికి 6 లోపు, బఠాణీలకు అరకిలో కూడా కాదు. ఆవులూ గొర్రెలూ నెమరువేసే జంతువులు, తిన్న గడ్డి కడుపులో పులిసి మీథేన్ అనే, అలా వేడెక్కించే వాయువే పుడుతుంది, తేన్పుల్లో బయటికొస్తుంది. దానికి తోడు మేతకు నేల కావాలి, ఆ నేల కోసం చాలాచోట్ల అడవులే పోతున్నాయి. అందుకే ఆ రకం మాంసం ఇకపై వారానికి రెండు రోజులే. కోడి, గుడ్లు రోజూ ఉంటాయి. ఎవరినీ తప్పు పట్టడం లేదు, నేనూ తింటాను. దీనివల్ల పాత కస్టమర్లు కొందరు రావడం తగ్గించారు, అది బాధగానే ఉంది.

అయితే నన్ను ఎక్కువగా కుదిపింది మాంసం కాదు, మా ఎంగిలి బకెట్. ఒక రాత్రి మూసేశాక దాన్ని పెద్ద పళ్ళెంలో కుమ్మరించి చూశాను. పైనంతా తెల్లటి అన్నం, కూర మరక కూడా అంటలేదు, గరిటె ఆకారం అలాగే ఉన్న ముద్దలు. ఎవరూ తినలేక వదిలేసింది కాదది, అడక్కుండానే మేం ఎక్కువ పెట్టేశాం. వరి పొలంలో నీళ్ళు నిలిచినప్పుడు మట్టిలో మీథేన్ పుడుతుంది, ఆ అన్నమే చెత్తకుప్పలో గాలి తగలకుండా కుళ్ళితే మళ్ళీ మీథేనే, 20 ఏళ్ళ లెక్కలో కార్బన్ డయాక్సైడ్ కంటే 80 రెట్లు వేడెక్కించే వాయువు. ఐక్యరాజ్యసమితి లెక్క ప్రకారం 2022లో ప్రపంచంలో 105 కోట్ల టన్నుల ఆహారం ఇలా పారేశారు, అందులో 60 శాతం ఇళ్ళలో, 28 శాతం మాలాగా వండి వడ్డించే చోట్ల. ఆ 28లో నా బకెట్ కూడా ఉందని తెలిశాక ఊరుకోలేకపోయాను.

అందుకే మొదట ఒక గరిటె తక్కువ పెడుతున్నాం. మారు అడగండి, ఎన్నిసార్లైనా పెడతాం, అదనంగా ఏమీ తీసుకోం, మొహమాటపడొద్దు. వడ్డించేవాళ్ళకు కూడా గట్టిగా చెప్పాను, మారు అడిగినవాళ్ళ ముందు విసుగు కనపడకూడదని. బకెట్ ఇప్పుడు సగానికే నిండుతోంది, తొక్కలూ మిగిలిందీ కంపోస్టుకు పంపుతున్నాం.

పార్శిళ్ళకు మాత్రం ఇంకా దారి దొరకలేదు. ఇంట్లో మారు అడగడం కుదరదు కదా, అందుకని మునుపటి అంతే పెడుతున్నాం, అందులో ఎంత పారేస్తున్నారో మాకు కనపడదు. మీకు అన్నం ఎక్కువవుతుంటే ఆర్డర్ ఇచ్చేటప్పుడే ఒక మాట చెప్పండి, మీ పేరు పక్కన రాసిపెట్టుకుంటాం.